నెక్స్ట్ నొక్కే బావ

మా బావకి కంప్యూటర్ మొత్తంలో తెలిసిన మాట ఒక్కటే, నెక్స్ట్. తెర మీద ఏ పెట్టె తెరుచుకున్నా, అందులో ఏం రాసి ఉన్నా, ఆయన వేలు వెతికేది ఆ మీటనే. బతిమాలుతూ రాసినా అంతే, ఎర్రక్షరాలతో బెదిరిస్తూ రాసినా అంతే. “ఆ రాతలన్నీ లాయర్ల కోసం రాసుకున్నవి అమ్మాయ్, అవి చదువుతూ కూర్చుంటే మన పని తెల్లారినట్టే” అంటాడు. ఆయన పని మాత్రం చిటికెలో అయిపోతుంది. తెల్లారేది ఎదుటివాళ్ళ బతుకు.

చుట్టాలందరూ ఆయన్ని సిస్టమ్ బాబాయ్, సిస్టమ్ మామయ్య అని వరసపెట్టి పిలుస్తారు. నేను నెక్స్ట్ బావ అంటాను. మా అక్క మొగుడు కాబట్టి, మేం వాళ్ళింటి పైవాటాలోనే ఉంటాం కాబట్టి ఆ మాత్రం హక్కు నాకుంది. ఆయనా తక్కువ తినలేదు. నేను రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తాను. సాయంత్రం నేను ఇంటికి చేరేసరికి మెట్ల దగ్గర కాపుకాసి, “ఇవాళ ఎవరి రక్తం పీల్చొచ్చావ్?” అని అడగనిదే ఆయనకి కాఫీ దిగదు.

ఇంతకీ ఆయనకి ఈ పాండిత్యం ఎలా అబ్బిందంటే, నీటి సరఫరా ఆఫీసులో బిల్లుల గుమాస్తాగా ఉన్న రోజుల్లో ఆ ఆఫీసుకి మొదటిసారి కంప్యూటర్లు వచ్చాయి. ఎవరో ఒకరు శిక్షణకి వెళ్ళాలన్నారట. పెద్దగుమాస్తాలందరికీ సరిగ్గా ఆ వారమే నడుంనొప్పులూ, దగ్గర చుట్టాల పెళ్ళిళ్ళూ ముంచుకొచ్చాయి. అందరికంటే చిన్నవాడని బావని తోశారు. వెళ్ళాడు, వచ్చాడు. చేతిలో ఒక సర్టిఫికెట్, జేబులో ఒక సీడీ. ఆ సీడీ పెట్టి నెక్స్ట్ నొక్కుకుంటూ పోతే ఎంత మొండికేసిన కంప్యూటరైనా కొత్తదానిలా లేచి కూర్చుంటుందని అక్కడ చూపించారు. అలా లేచినప్పుడు లోపలున్న పాతవన్నీ ఏమవుతాయో కూడా చెప్పే ఉంటారు, కాకపోతే ఆ సమయానికి టీ వచ్చినట్టుంది. హాల్లో పెళ్ళి ఫోటో దింపి, ఆ మేకుకే సర్టిఫికెట్ తగిలించాడు. ఫోటో ఇప్పటికీ బీరువా వెనకాల ఉంది.

ఆ రోజునుంచి ఆయన డాక్టరు, ఊరంతా రోగులు. మందు మాత్రం ఒకటే. కంప్యూటర్ నెమ్మదించిందా, ఫార్మాట్ కొట్టేద్దాం. పాటలు వినబడటం లేదా, ఫార్మాట్ కొట్టేద్దాం. మా చిన్నమామయ్య ఒకసారి ప్రింటర్ పనిచేయడం లేదని మొరపెట్టుకుంటే, వెళ్ళి శుభ్రంగా ఫార్మాట్ కొట్టొచ్చాడు. తీరా చూస్తే ప్రింటర్‌లో కాగితాలు లేవు. రిటైరైన దగ్గర్నుంచీ మామయ్య కూడగట్టి రాసుకుంటున్న వంశచరిత్ర తాతముత్తాతలతో సహా కొట్టుకుపోయింది. బావ తడుముకోలేదు. “వైరస్ మామయ్యా. నేను చూసేసరికే అన్నీ నమిలేసింది. ఇంకాస్త ఆలస్యమైతే మానిటర్ కూడా దక్కేది కాదు” అన్నాడు. మామయ్య కళ్ళనీళ్ళు పెట్టుకుని, భోజనం పెట్టి పంపించాడు.

మా పెళ్ళి వీడియో తిన్నదీ వైరసే. మా ఆయన ఒట్టి అమాయకుడు, “పోనీలే, వైరస్‌కి మనమేం చేస్తాం” అన్నాడు. ఆ వైరస్ మీసానికి రంగేసుకుని, చేతిలో సీడీ పట్టుకుని తిరుగుతోందని నేను అప్పుడే పసిగట్టాను. కడిగిపారేద్దామని మెట్లు దిగాను కూడా. గుమ్మంలో అక్క నిలబడి ఉంది. దాని మొహం చూసి, ఉప్పు అడిగి తీసుకుని వెనక్కి వచ్చేశాను.

వీధి చివర రిపేరు షాపాయన పేరెత్తితే చాలు, బావకి ఒళ్ళు మండుతుంది. “వాడికి స్క్రూలు తిప్పడం తప్ప ఏం వచ్చు? కంప్యూటర్ తీసుకెళ్తే చాలు, ‘లోపల ముఖ్యమైనవి ఏమైనా ఉన్నాయా సార్’ అని అడుగుతాడు. మనం చెబితేగానీ తెలీనివాడికి ఆ షాపెందుకూ!” అని ఆయన బాధ. ఆ మాట వినీ వినీ నాకు మాత్రం ఆ షాపాయన మీద గౌరవం పెరిగింది.

ఇక మా అక్క. అది బస్టాండులో అనౌన్సర్‌గా చేసింది. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో ఊరందరికీ చెప్పిన గొంతు దానిది. ఇంట్లో కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినా, సామాన్లు సర్దుకుని లేవాలేమో అనిపించేది. తర్వాత మిషన్‌లోంచి వచ్చే గొంతు పెట్టి, అక్కని టికెట్ల కిటికీ వెనక కూర్చోమన్నారు. కొన్నాళ్ళు కూర్చుంది, ముళ్ళ మీద కూర్చున్నట్టుందని మానేసింది. చూపులేని వాళ్ళ కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే సంఘం ఒకటుంటే అందులో చేరింది.

చదవడమంటే అదేదో కథ చెప్పినట్టు చదివేయడం కాదు. పేజీ నంబరు చదువుతుంది, పేజీ కింద చిన్నక్షరాల్లో ఉన్నది చదువుతుంది, పట్టిక వస్తే గడి గడీ చదువుతుంది, బొమ్మ వస్తే బొమ్మలో ఏముందో చెబుతుంది. “కళ్ళున్నవాళ్ళు దాటేసి పోవచ్చే. వినేవాళ్ళకి మనం దాటేస్తే ఎలా? అక్కడ ఏదో ఉందని కూడా వాళ్ళకి తెలీదు” అంటుంది. వెనక గదిలో కిటికీలకి దుప్పట్లు బిగించి, ఫ్యాన్ ఆపేసి, చెమటలు కక్కుతూ చదివేది. సరిగ్గా పేజీ చివర్లో ఉండగా బావ తలుపు బాదేవాడు. “ఏమే, నా కళ్ళజోడు ఎక్కడ పెట్టావ్?” అక్క కళ్ళజోడు ఇచ్చి, తలుపేసుకుని, ఆ పేజీ మళ్ళీ మొదటినుంచీ చదివేది. బావ దృష్టిలో అదంతా గొణుగుడు. చుట్టాలకి కూడా అలాగే చెప్పేవాడు, “మీ అక్కయ్య లోపల గొణుక్కుంటోంది, కాసేపాగి వస్తుంది” అని.

ఏడాదిగా అక్క గొణుగుతున్నది భూమి చట్టాల పుస్తకం. దిండంత లావు, పాతకాలపు అచ్చు. ఆస్పత్రిలో టెలిఫోన్ ఆపరేటర్‌గా చేసే ఒకమ్మాయి కోసం. పుట్టినప్పటినుంచీ ఆ అమ్మాయికి చూపు లేదు. కోర్టులో ఉద్యోగానికి పరీక్ష రాస్తోంది, ఇదే ఆఖరిసారి, ఇది తప్పితే వయసు దాటిపోతుంది. మిగతా పుస్తకాలన్నీ ఎక్కడో ఒకచోట దొరికాయి, ఈ ఒక్కటే ఎవరూ చదివి పెట్టలేదు. పరీక్ష పది రోజులుందనగా సెలవు పెట్టుకుని, కూర్చుని వినడానికి సిద్ధమైంది. ముక్కలు ముక్కలుగా ఇవ్వొచ్చు కదా అంటే అక్క వినదు. “అంతా అయ్యాక మొదటినుంచీ ఒకసారి విని, తప్పులు దిద్ది ఇస్తా. నేను తప్పు చదివితే ఆ పిల్ల తప్పే రాస్తుంది.” దిద్దడం కూడా అయిపోయింది. శనివారం వచ్చి తీసుకెళ్ళమ్మా అని ఫోన్ చేసి చెప్పింది. శుక్రవారం పొద్దున కంప్యూటర్ లేవలేదు.

తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి, ఆగుతున్నాయి, మళ్ళీ తిరుగుతున్నాయి. చివరికి నీలం తెర వచ్చి, నేను సరిగా మొదలవలేకపోయాను, నన్ను నేను బాగుచేసుకోవడం కూడా నా వల్ల కాలేదు అని ఇంగ్లీషులో చేతులెత్తేసింది. అక్క చెప్పులు కూడా లేకుండా పైకి పరిగెత్తుకొచ్చింది. ఊరందరికీ వినబడే గొంతు ఆ పూట నాకే సరిగా వినబడలేదు. రిపేరు షాపాయనకి ఫోన్ చేశాం. “ఊళ్ళో లేనమ్మా, బుధవారం వస్తాను. అప్పటిదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వకండి” అన్నాడు.

ముట్టుకోవాల్సినాయన వెనకాలే నిలబడి ఉన్నాడు.

“ఇంట్లో నన్ను పెట్టుకుని వాడికి ఫోన్ చేశారా!” బావ ఒంటికాలి మీద లేచాడు. “పాతికేళ్ళ అనుభవం. మీకు నేనెంత లోకువైపోయానో చూడు!”

“లోకువ కాదండీ” అంది అక్క. “అందులో ఆ పిల్ల పుస్తకం ఉంది. బుధవారం దాకా ఆగితే వినడానికి ఎన్ని రోజులు మిగులుతాయి దానికి? మీరే చేయండి. కానీ నా రికార్డింగులు పోకూడదు.”

“పోతే ఈ మీసం తీసేస్తా.”

“మీసం మాకెందుకు బావా, నీ దగ్గరే ఉంచుకో. ఫైళ్ళు పోకుండా చూడు చాలు” అన్నాను.

శనివారం పొద్దున ఏర్పాట్లు మొదలయ్యాయి. గుండె ఆపరేషన్‌కి కూడా అంత హడావిడి ఉండదు. టేబుల్ తుడిపించాడు, పక్కింటివాళ్ళని మిక్సీ వేయొద్దన్నాడు, తలస్నానం చేసొచ్చాడు. ముందు రికవరీ పెన్‌డ్రైవ్ తయారుచేయాలట, అంటే లేవలేని కంప్యూటర్‌ని బయటినుంచి లేపడానికి. దానికి బాగున్న కంప్యూటర్ ఒకటి కావాలి. నా ల్యాప్‌టాప్ మీద పడ్డాడు. కిందికెళ్ళి సొరుగులోంచి ఒక పెన్‌డ్రైవ్ తెచ్చి గుచ్చాడు. తెర మీద ఎర్రక్షరాలతో ఏదో వచ్చింది. “ఆగు బావా, ఏదో అంటోంది” అనేలోపే నొక్కేశాడు. అది తన పని తాను చేసుకుపోయింది. బావ కాలు మీద కాలేసుకుని, కాఫీ పెట్టమన్నాడు.

కాఫీ కలుపుతుండగా అక్క వచ్చింది. మొహం కాస్త తేటపడింది. “ఏమండీ, సొరుగులో నా పెన్‌డ్రైవ్ ఉండాలి, చూశారా? ఎందుకైనా మంచిదని దాంట్లో ఒక కాపీ పెట్టుకున్నా. రాత్రంతా దిగులు పడుతూ పడుకున్నాను గానీ ఇప్పుడే గుర్తొచ్చింది. అదుంటే ఈ కంప్యూటర్ ఏమైపోయినా ఫరవాలేదు.”

బావ చూపు నా ల్యాప్‌టాప్ పక్కకి వెళ్ళింది. అక్క చూపు కూడా అటే వెళ్ళింది. నీలం రంగు పెన్‌డ్రైవ్, దానికి అక్క కట్టుకున్న ఎర్రదారం. ఆ ఎర్రక్షరాలు చెప్పబోయింది, ఇందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయనే.

బావ గొంతు సవరించుకున్నాడు. “ఇదా? దీనికి వైరస్ పట్టిందే. నేను పెట్టేసరికే అంతా తినేసింది. నయం, మిగతావాటికి అంటుకోకుండా ఆపగలిగాను.”

నా చేతిలో కాఫీగ్లాసు ఉంది. అది ఆయన నెత్తిన కుమ్మరించకుండా ఎలా ఆగానో నాకే తెలీదు. నోరు తెరిచాను. అక్క నావైపు చూసి వద్దన్నట్టు తలూపింది. గొడవపడితే ఆయన అలిగి పడుకుంటాడు, ఆ కంప్యూటర్‌ని లేపే దిక్కుండదు. అది నెమ్మదిగా గోడ పట్టుకుని మెట్లు దిగిపోయింది.

మధ్యాహ్నం టెలిఫోనమ్మాయి వచ్చింది. మడిచే కర్రని విప్పి, మడిచి, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అక్క ఉన్నదున్నట్టు చెప్పింది. ఆ అమ్మాయి కర్ర మడతలు తడుముకుంది. తిడుతుందేమో అనుకున్నాను. తిట్టినా బాగుండేది.

“సరే మేడమ్. అయితే నేనూ ఇక్కడే కూర్చుంటాను. ఏం జరుగుతోందో నాకూ చెబుతారా? ఊరికే కూర్చుంటే భయంగా ఉంది.”

దాంతో మా ఇంట్లో ఎన్నడూ జరగనిది జరిగింది. బావ పెన్‌డ్రైవ్ గుచ్చి, కంప్యూటర్ని లేపి, కుర్చీ లాక్కున్నాడు. పక్కన అక్క నిలబడి, తెర మీదున్న ఇంగ్లీషు ముక్క ముక్కకీ తెలుగు చెబుతూ ఆ పిల్ల కోసం చదవడం మొదలుపెట్టింది. ఏదీ వదలదు కదా! “పైన నీలం గీత. మధ్యలో, మీ భాష ఎంచుకోండి అని ఉంది. కింద కుడివైపు నెక్స్ట్. ఎడమవైపు మూలన చిన్నక్షరాల్లో, కంప్యూటర్ని బాగుచేయండి.”

బావ చేయి అప్పటికే కుడివైపుకి వెళ్ళిపోయింది. చివరి ముక్క విని ఆగింది. “మూలన అలాంటిదొకటి ఉంటుందా?” అన్నాడు. పాతికేళ్ళ అనుభవం మరి!

మూలనున్నది నొక్కించాం. అక్క చదువుతూ పోయింది. తర్వాతి తెర రెండు దారులు చూపించింది. “మొదటిది, నా ఫైళ్ళు ఉంచు. రెండోది, అన్నీ తీసెయ్.” బావ వేలు అలవాటుగా రెండోదాని మీదికి జారుతుంటే నేను మణికట్టు పట్టుకున్నాను. “తెలుసు లేవే, అదే నొక్కబోతున్నా” అని విదిలించుకుని మొదటిది నొక్కాడు. టెలిఫోనమ్మాయి గట్టిగా ఊపిరి వదిలింది. అక్క మొహంలో కూడా కాస్త నెత్తురు కనబడింది.

ఇంకొక్క తెర. అక్క చదివింది. “మీ పత్రాలు, ఫోటోలు, డెస్క్‌టాప్ మీద మీరు దాచుకున్న ఫైళ్ళు అలాగే ఉంటాయి. మీరు పెట్టుకున్న ప్రోగ్రాములు, ఆ ప్రోగ్రాముల ఫోల్డర్లలో ఉన్నవన్నీ చెరిగిపోతాయి. కింద కుడివైపు నెక్స్ట్. అంతేనమ్మా, ఇంకేం లేదు. నొక్కండి.”

బావ నొక్కలేదు.

“నొక్కు బావా, ముహూర్తం చూడాలా?” అన్నాను.

ఆయన కుర్చీలోంచి లేచాడు. కూజా దగ్గరికెళ్ళి నీళ్ళు తాగాడు. మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. రంగేసిన మీసం చుట్టూ చెమట పట్టింది. ఆ మొహం నాకు బాగా తెలుసు. వైరస్ మాట నోట్లోంచి ఊడిపడే ముందు ఆ మొహం అలాగే ఉంటుంది. ఇంకో నిమిషంలో ఏదో ఒక పురుగుని సృష్టిస్తాడు, మేం నమ్మినట్టు నటిస్తాం అనుకున్నాను. నిజానికి ఆయన నోరు మూసుకుని ఆ మీట నొక్కేసి ఉంటే, జరిగిందేమిటో మాలో ఎవరికీ ఎప్పటికీ తెలిసేది కాదు.

“అవి డెస్క్‌టాప్ మీద లేవు” అన్నాడు బావ.

“ఏవి?” అంది అక్క.

“నీ రికార్డింగులు. పోయిన నెల నీ కంప్యూటర్ సర్దాను. నువ్వు బజారుకెళ్ళినప్పుడు. మొహం నిండా ఫైళ్ళేసుకుని గజిబిజిగా ఉందని, అన్నీ తీసి ఆ రికార్డింగ్ ప్రోగ్రాము ఫోల్డర్‌లో పెట్టా. ఎక్కడివి అక్కడుంటే బాగుంటుందని. డెస్క్‌టాప్ మీద ఉన్నది ఒట్టి దారి చూపించే బొమ్మ. నొక్కితే తెరుచుకునేది కదా, అందుకని నీకు తెలీలేదు.” ఆయన తెరకేసే చూస్తున్నాడు. “ఇప్పుడిది నొక్కితే... అన్నీ పోతాయి.”

అక్క చాలా మామూలు గొంతుతో అడిగింది. “పొద్దున పెన్‌డ్రైవ్?”

“దానికి వైరస్ లేదు. నేనే. చూసుకోకుండా చెరిపేశా.”

ఇన్నాళ్ళూ ఈ మాట ఆయన నోట వినాలని నేను ఎంత తపించానో! విన్నాక ఎలా దెప్పాలో మాటలు కూడా కూర్చిపెట్టుకున్నాను. ఒక్కటీ నోటికి రాలేదు. “మరి మా పెళ్ళి వీడియో?” అని మాత్రం అన్నాను, అదీ లోగొంతుకతో. ఆయన తల దించుకుని, “ఎక్కడా వైరస్ లేదు అమ్మాయ్” అన్నాడు.

టెలిఫోనమ్మాయి గొంతు వినబడింది. “సార్, ఇంకా నొక్కలేదు కదా. అంటే అవి ఇంకా లోపలే ఉన్నట్టేగా. బయటికి తీయగలరా?”

బావ మీసం తడుముకున్నాడు. చివరికి, “నాకు తెలీదమ్మా” అన్నాడు.

ఆ తర్వాత ఆయనే ఫోన్ తీశాడు. రిపేరు షాపాయనకి చేశాడు. “నేనయ్యా, ఆ ఎదురింటి... అవును, నేనే. ఒక సాయం కావాలి” అన్నాడు. ఆ ఎదురింటి అన్నది కూడా తప్పే, మాది నాలుగిళ్ళవతల. షాపాయన బస్సులో ఉన్నాడు. పాతవేవీ ఎత్తలేదు. “నెక్స్ట్ నొక్కలేదు కదా సార్? దండం పెడతాను, చెయ్యి తీసేయండి. ముందు వెనక్కి రండి” అన్నాడు.

వెనక్కి రావడానికి కూడా ఒక మీట ఉంది. ఎడమవైపు, బాణం గుర్తు. అక్క చదివి చెబితే గానీ బావకి కనబడలేదు.

షాపాయన చెప్పడం, అక్క తెర మీదున్నది చదవడం, షాపాయన అదే, అదే అనడం, అప్పుడు బావ నొక్కడం. నల్లటి తెర ఒకటి వచ్చింది. అందులో ఒక మాట కొట్టమన్నాడు, ఉత్తరాలు రాసుకునే మామూలు తెల్లపేజీ తెరుచుకుంది. ఆ పేజీలోంచి ఫైలు తెరిచే పెట్టెలోకి వెళ్తే, లోపలున్న ఫోల్డర్లన్నీ దొంగదారిలో కనబడతాయట. రికార్డింగ్ ప్రోగ్రాము ఫోల్డరు దాకా వెళ్ళాం. తెరిచాం. ఖాళీ.

“ఏమీ లేవు” అంది అక్క. టెలిఫోనమ్మాయి కర్రని గట్టిగా పట్టుకుంది. నాకు బావ పీక నొక్కేయాలనిపించింది.

“కంగారుపడకండి” అన్నాడు షాపాయన, వెనక బస్సు హారన్ మోగుతుంటే. “అన్నీ చదవండమ్మా. పెట్టె కింద ఏం రాసుంది?”

“టెక్స్ట్ ఫైళ్ళు అని ఉంది.”

“అదే. అది రాతలనే చూపిస్తోంది, శబ్దాలని దాచేసింది. దాన్ని అన్ని ఫైళ్ళు అని మార్చండి.”

మార్చగానే బిలబిలమంటూ దిగాయి. మొదటి అధ్యాయం, రెండో అధ్యాయం, మూడో అధ్యాయం... అక్క వేలు పెట్టి ఒక్కోటీ పైకి చదువుతుంటే టెలిఫోనమ్మాయి పెదవులు కూడా కదిలాయి. నా ప్రాణం లేచొచ్చింది. నా సంచీలోని పెన్‌డ్రైవ్ తీసి బావ ముందు పెట్టాను. ఆయన దాన్ని అందుకుని, గుచ్చబోయి ఆగాడు.

“ఇందులో నీవేమైనా ఉన్నాయా అమ్మాయ్?”

“లేవు బావా. ఖాళీదే.”

“మళ్ళీ చూసుకో.”

చూసే చెప్పానన్నాను. కాపీ మొదలైంది. మొదలైందో లేదో కూడా తెలీదు, తెర అలాగే బిగుసుకుపోయింది. “పనిచేస్తున్నట్టు కనబడదు సార్, కానీ చేస్తుంది. ఏదీ ముట్టుకోకండి” అని షాపాయన ఫోన్ పెట్టేశాడు. బావ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. పరీక్షహాల్లో పిల్లాడిలా ఉన్నాడు, నవ్వాలో ఏడవాలో నాకు తెలీలేదు.

కాపీ అయ్యాక నా ల్యాప్‌టాప్‌లో పెట్టి ఒక్కోటీ మొదలూ చివరా విన్నాం. అక్క గొంతు గదంతా నిండింది. కౌలుదారుల హక్కుల అధ్యాయం ఒక్కటి మాత్రం తెరుచుకోలేదు, ఎప్పుడు దెబ్బతిన్నదో ఏమో. అక్క ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. “ఎంతసేపమ్మా, ఇప్పుడే చదివేస్తాను. నీ ఫోన్‌లో రికార్డు చేసుకో” అంది. ముందు ఆ కంప్యూటర్ సంగతి తేల్చుకుందామని మళ్ళీ ఆ పాత తెర దాకా వచ్చాం. అక్క మొత్తం చదివి, ఇప్పుడు నొక్కండి అంది. బావ నొక్కాడు. ఎంత పని అయిందో చెప్పే అంకెలు మెల్లగా నూరు వైపు కదలడం మొదలుపెట్టాయి.

అక్కా, ఆ అమ్మాయీ హాల్లో కూర్చున్నారు. కౌలుదారు ఎవరు, ఏ పరిస్థితుల్లో ఖాళీ చేయించవచ్చు, ఏ పరిస్థితుల్లో చేయించకూడదు, అక్క పేజీ నంబర్లతో సహా చదువుతోంది. దుప్పట్లు లేవు, తలుపు వేసి లేదు. బావ అంకెల ముందు కూర్చుని ఉన్నాడు. మధ్యలో పక్కింటివాళ్ళు మిక్సీ వేస్తే ఆయనే లేచి, కిటికీలోంచి చెయ్యూపి ఆపించి, చప్పుడు చేయకుండా కిటికీ మూసి వచ్చాడు. ఏడాది పాటు ఆ పుస్తకం తన గోడ వెనకాలే సాగింది, ఆ పూటే మొదటిసారి విన్నాడు.

సాయంత్రం ఆ అమ్మాయిని బస్సెక్కించి వచ్చాను. ఎక్కేముందు సంచీలో పెన్‌డ్రైవ్ ఉందో లేదో మూడుసార్లు తడిమి చూసుకుంది. తిరిగొచ్చేసరికి అంకెలు నూరుకి చేరి, కంప్యూటర్ లేచి కూర్చుని ఉంది. తెర మీద కొత్త పెట్టె ఏదో తెరుచుకుని ఉంది, కింద కుడివైపు నెక్స్ట్ మెరుస్తోంది. బావ దాన్ని ముట్టుకోలేదు. ఎప్పటినుంచి అలా కూర్చున్నాడో మరి.

వంటింట్లోంచి వస్తున్న అక్కని చూసి, “ఇదేదో అడుగుతోందే. కాస్త చదివి పెట్టు” అన్నాడు.

మధ్యాహ్నం నుంచీ తెర మీది మాటలు తప్ప అక్క ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. గుమ్మంలోనే నిలబడి, “ఏం నొక్కాలో మీకు తెలుసుగా” అంది.

“తెలీదు.”

“ఏమన్నారు?”

“తెలీదే. ఎప్పుడూ తెలీదు.” చూపు తెర మీదే ఉంది. “తెలీదంటే ఎవరు పిలుస్తారు నన్ను? మళ్ళీ ఆ నీళ్ళ బిల్లుల గుమాస్తానే కదా.”

అక్క కళ్ళు నిండిపోయాయి. కోపంతోనో దేనితోనో నేను చెప్పలేను, నాకు మాత్రం రెండూ వచ్చాయి, కోపమూ ఏడుపూ. అది కుర్చీ ఒకటి బరబరా లాక్కొచ్చి ఆయన పక్కనే వేసుకుంది.

“ఈ ముక్క మొదట్లోనే నాతో అనుంటే పక్కన కూర్చుని చదివిపెట్టేదాన్ని కదండీ” అంది. “చదవడం తప్ప నాకేం వచ్చు?”

అక్క ముక్కు తుడుచుకుని, తెర మీదికి వంగి, మొదటి లైను నుంచి చదవడం మొదలుపెట్టింది. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని, చివరిదాకా విన్నాడు.